నలభై ఏడో గిన్నె

యంత్రం మీద ఎర్రగా యాభై ఎనిమిది అని వెలుగుతోంది, అంటే ఇంకా యాభై ఎనిమిది నిమిషాలు ఈ కుర్చీలోనే. అంకెలు నాకొచ్చు, మూడో తరగతి దాకా చదివినదాన్ని, పక్క కుర్చీలో నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతున్న ఈ మనిషికి అవీ సరిగ్గా రావు. దాని యంత్రం మీద యాభై నాలుగుంది. చూశారా, సూది ముందు నాకే గుచ్చారు, సంచీ ముందు నాకే తగిలించారు, అయినా పందెంలో గెలుపు దానిదే, నాలుగు నిమిషాలు ముందే లేచి చేతులు దులుపుకుంటుంది. నర్సునడిగితే మీ ఒళ్ళు పెద్దది, మీకు మందెక్కువ అంది. పోనీ, ఒంట్లోనైనా నేనే పెద్ద. నాకు నరం మూడు పోట్లకి గానీ దొరకలేదు, చెయ్యంతా తట్టి, వేడిగుడ్డ చుట్టి, "పెద్దమ్మా, మీ నరాలు దాక్కుంటున్నాయి, మీ చెల్లెలి నరం చూడండి, పిలిస్తే వచ్చేస్తుంది" అని నవ్విందా నర్సు పిల్ల. చెల్లెలు కాదమ్మా, తోటికోడలు, మా ఆయన తమ్ముడి భార్య అన్నాను. రెండూ ఒకటేగా అంది. ఒకటేనట. యాభై ఏళ్ళుగా నా కడుపులో కుంపటిలా రగులుతున్నదాన్ని ఉఫ్ అని ఊది ఆర్పేద్దామనుకుంది పాపం. ఆ పిల్లకి తెలియనిది ఇంకోటుంది. దాని సంచీలోంచి బొట్టు బొట్టుగా దిగుతున్న ఆ మందు దానికి పట్టదు. ఈ గదిలో ఎనిమిది కుర్చీలు, ఇద్దరు నర్సులు, అద్దాల వెనక ఒక డాక్టరు, ఇంతమందిలో ఆ సంగతి తెలిసింది నాకొక్కదానికే, నేనేమో తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని దాని అంకెలు లెక్కపెడుతున్నాను.

యాభై మూడు. ఎలా నిద్రపోతోందో, పసిపిల్లలా, ఈ మందెక్కేటప్పుడు నాకు రెప్ప పడదు, నోరంతా ఇనుము నాకినట్టుంటుంది, చల్లనిది ఏది తగిలినా వేళ్ళలో వెయ్యి సూదులు దిగుతాయి, కుర్చీ పక్కన ఇనప కడ్డీ ఉంది, అది తగిలిందంటే ప్రాణం జిల్లుమంటుంది, అందుకే ఇద్దరం ఎండాకాలంలో చేతితొడుగులు వేసుక్కూర్చున్నాం. నావి బూడిదరంగువి, కోడలు తెచ్చింది. దానివి ఎర్రవి, మెత్తటివి, మణికట్టు దగ్గర చిన్న పువ్వు కూడా ఉంది, అవి తెచ్చింది నా మనవరాలు. నా మనవరాలు, నా కొడుకు కూతురు, దాని మనవరాలు కాదు. అడిగితే ఏమందో తెలుసా, నీకు అమ్మ తెచ్చిందిగా నానమ్మా, చిన్న నానమ్మకి ఎవరు తెస్తారు అంది. న్యాయమే, పిల్లాజెల్లా లేరు, మొగుడు పోయి తొమ్మిదేళ్ళయింది, మా కింది వాటాలో ఒక్కతే ఉంటుంది, దానికి ఎవరు తెస్తారు. న్యాయం నాకూ తెలుసు, కానీ ఆ పువ్వు కనబడినప్పుడల్లా కళ్ళలో కారం కొట్టినట్టుంటుంది.

మా అత్తగారు దానికి బంగారుచెయ్యి అని పేరు పెట్టింది, నేను నాలుగేళ్ళు ముందొచ్చిన కోడల్ని, నాకు ఏ పేరూ పెట్టలేదు, ఎప్పుడైనా విసుక్కుంటే పండితురాలు అనేది, ఎందుకంటే ఉత్తరాలు, మందు సీసాల మీద రాతలు, కరెంటు వాళ్ళిచ్చే కాగితాలు చదివేదాన్ని నేనే. దానిది హస్తవాసి. అది రోడ్డు మీద పడున్న పుల్ల తెచ్చి గుచ్చినా నెల తిరిగేసరికి ఆకేస్తుంది. నేను ఒకసారి పంతం పట్టి అదే గులాబీ చెట్టు నుంచి అదే రోజు రెండు కొమ్మలు విరిచి, ఒకటి దాని కుండీలో, ఒకటి నా కుండీలో పెట్టాను, నీళ్ళు కూడా దాని చెంబుతోనే పోశాను, దానిది మొగ్గ తొడిగింది, నాది తొమ్మిదో రోజుకి నల్లగా మాడి పుల్లయిపోయింది. అది చూసి, "అక్కా, దీన్ని తీసుకో, రెండూ నీవేగా" అని తన కుండీ తెచ్చి నా గుమ్మంలో పెట్టింది. అక్కడే మండింది నాకు. ఏడిపించి ఉంటే బాగుండేది, ఏడిపిస్తే తిట్టొచ్చు. ఇచ్చేవాళ్ళని ఏమని తిడతాం?

నలభై తొమ్మిది. నా మనవరాలు పుట్టినప్పుడు నేను కుట్టు కార్ఖానాలో కాలర్లు కుడుతున్నాను, రోజుకి రెండొందల కాలర్లు, పొద్దున్న ఏడింటికి పోతే సాయంత్రం చీకటి పడే వేళకి ఇల్లు, కోడలూ ఉద్యోగమే, అందుకని పిల్ల కింది వాటాలోనే పెరిగింది, దాని ఒళ్ళోనే. జడ అది వేసేది, అన్నం అది తినిపించేది, కిటికీలో వరసగా గాజు సీసాలు పెట్టి, ఒక్కోదాంట్లో ఒక్కో కొమ్మ వేసి, నీళ్ళెలా మార్చాలో, వేరొచ్చిందా లేదా అని కొమ్మ కదిలించకుండా ఎలా చూడాలో నేర్పేది. నేను ఇంటికొచ్చేసరికి ఇద్దరూ తలకి తల ఆనించి ఆ సీసాల్లోకి చూస్తూ ఉండేవాళ్ళు, నేనొచ్చిన అలికిడి కూడా వినబడేది కాదు. అక్షరాలు దిద్దించింది మాత్రం నేను. ఆదివారం ఆదివారం నేలమీద సుద్దముక్కతో అ నుంచి అః దాకా దిద్దించింది నేనే, ఈ చేత్తోనే. అది ఎవరికి గుర్తుంది? అక్షరాలు నాటుకున్నాక వాటిని ఎవరు నాటారో ఎవరూ అడగరు.

ఇప్పుడా పిల్ల ఇదే ఆసుపత్రిలో, ఇదే కప్పు కింద, మూడంతస్తుల పైన పరిశోధన చేస్తుంది. ఆపరేషన్లో కోసి తీసిన గడ్డలోంచి ఓ బఠాణీ గింజంత ముక్క పైకి పంపుతారట, వీళ్ళు దాన్ని పొడి పొడి చేసి, జిగురు బొట్లలో పెట్టి, గులాబీరంగు నీళ్ళు పోసి, ఒంటి వేడిలో ఉండే అలమారాలో దాస్తారట, బతికితే చిన్న చిన్న బంతుల్లా పెరుగుతాయి, మనిషిలో ఉన్న గడ్డకి పిల్లలన్నమాట. ఆ పిల్లల్ని గుంటల పళ్ళెంలో విడివిడిగా పంచి, ఒక్కో గుంటలో ఒక్కో మందు పోసి, ఏ మందుకి చస్తాయో చూస్తారు. మనిషికి ఎక్కించి చూసే బదులు గిన్నెకి ఎక్కించి చూడ్డం నానమ్మా, అని చెప్పింది. రెండు రోజులకోసారి నీళ్ళు మార్చాలి, ఆదివారమూ లేదు సెలవూ లేదు, నా పుట్టినరోజున కూడా భోజనం మధ్యలో లేచి పోయింది, వాటికి ఆకలేస్తుంది నానమ్మా అంటూ. గాజు సీసాల్లో నీళ్ళు మార్చినట్టే. ఏ కిటికీలో నేర్చుకుందో నాకు తెలియదా.

మా ఇద్దరికీ ఒకే ఏడు పట్టుకుంది ఈ జబ్బు, పెద్దపేగులో, నాకు కుడివైపు, దానికి ఎడమవైపు. మీరిద్దరూ రక్తసంబంధమా అనడిగింది డాక్టరమ్మ. రక్తం కాదు, ఒకే పొయ్యి అన్నాను. నవ్వి, అది కూడా రాసుకుంది. నాది చుట్టుపక్కలకి పాకలేదు, కోసేసి, జాగ్రత్తకి ఈ మందు పన్నెండుసార్లు అన్నారు. దానికి కాలేయంలో రెండు మచ్చలున్నాయి. జబ్బులో కూడా నాకంటే పెద్దది సంపాదించింది, అందరూ దాని మంచం చుట్టే, దాని కాగితాల చుట్టే, నా కోడలు కూడా, అత్తయ్యా మీకు పరవాలేదుగా, చిన్నత్తయ్య దగ్గర కూర్చుంటాను అనేది. పరవాలేదమ్మా. నాకెప్పుడూ పరవాలేదు.

నలభై నాలుగు. ఇదిగో ఇక్కడికొచ్చేసరికే నా మనసు పక్కకి తప్పుకుంటుంది, కాలర్ల దగ్గరికీ గులాబీల దగ్గరికీ పారిపోతుంది, కానీ ఇవాళ చెయ్యికి గొట్టం ఉంది, ఎక్కడికి పోతాను? ఆపరేషన్ ముందు రోజు మా ఇద్దర్నీ కాగితాల గదికి పిలిచారు. బయట వసారాలో గోడ మీద పెద్ద కాగితం అతికించి ఉంది, నా మనవరాలి బొమ్మ, తెల్లకోటు వేసుకుని నవ్వుతోంది, కింద నాలుగు వరసల రాత. "అక్కా, మన పిల్లే! ఏం రాశారో చదువు" అని నా చెయ్యి పట్టుకు ఊపేసింది ఇది. చదివాను. కణాలు పెంచడం నాకు నేర్పింది ఈ ఆసుపత్రి కాదు, మా చిన్న నానమ్మ, ఆవిడ కిటికీలోని గాజు సీసాలు, అని ఉంది. లోపల నేను రెండుసార్లు చదువుకున్నాను. పైకి మాత్రం, "నాకు అన్నీ నేర్పింది మా నానమ్మలు" అని చదివాను. అంతే, కాస్త మార్చాను, దాంట్లో సగం నాకు కోసుకున్నాను. అది కళ్ళు తుడుచుకుని, "మనిద్దర్నీ చెప్పింది చూడు, బంగారుతల్లి" అంది. ఆ మాటతో నాకు సిగ్గెయ్యాలి. సిగ్గెయ్యలేదు. ఇంకా మండింది.

ఆ మంటతోనే లోపలికెళ్ళి కూర్చున్నాను. కాగితాల అమ్మాయి మంచిది, నెమ్మదిగా అంతా చెప్పింది, ముక్క ఇవ్వడం మీ ఇష్టం, ఇవ్వకపోయినా వైద్యం ఆగదు, మీ పేరు పైకి పోదు, అంకె మాత్రమే పోతుంది, ఆ అంకె ఎవరిదో పైన ఎవరికీ తెలియదు అని. చివర్లో రెండు గడులు. నా చికిత్సకు పనికొచ్చేది ఏదైనా తేలితే నా డాక్టరుకు చెప్పవచ్చు, ఇది మొదటి గడి. చెప్పవద్దు, ఇది రెండోది. కొంతమందికి తెలుసుకోవడం ఇష్టం ఉండదండీ, అందుకని రెండూ పెట్టాం, మనసు ఎప్పుడు మారినా మీరు ఒక్కమాట చెబితే చాలు, కాగితం మార్చుకోవచ్చు అంది. ఇంతలో ఫోనొస్తే గుమ్మం దాకా వెళ్ళింది. నేను నాది మొదటి గడిలో టిక్కు పెట్టేశాను. ఇది పెన్ను పిడికిట్లో పట్టుకుని నా వైపు తిరిగి, "అక్కా, నువ్వెందులో పెట్టావో నాకూ అదే చూపించు" అంది. రెండో గడి మీద వేలు పెట్టాను. వేలు జారింది అని మూణ్ణెల్లుగా నాకు నేనే చెప్పుకుంటున్నాను. జారలేదు. కాలర్ కుట్టే వేలు, వెంట్రుకవాసి పక్కకి పోని వేలు. పెడితే ఎక్కడ పెట్టాలో అక్కడే పెట్టింది. ఆ క్షణాన నేననుకున్నది కూడా గుర్తుంది, అన్నీ నీకే చెబుతారేం, ఒక్కటి చెప్పకపోతే ఏం పోతుంది, అని. కాగితం అడుగున, చదివి వినిపించినవారు, అని ఓ గీత ఉంటే దాని మీద సంతకం కూడా పెట్టాను, మా బడి పంతులు మెచ్చుకునే గుండ్రటి చేతిరాతతో. అమ్మాయి వచ్చి అంకెల చీటీలు అంటించింది. నాకు నలభై ఆరు. దానికి నలభై ఏడు.

నలభై. గొంతు తడారిపోతోంది, పక్కన గ్లాసులో గోరువెచ్చని నీళ్ళున్నాయి, అందుకోవాలంటే కడ్డీ దాటి చెయ్యి చాపాలి. తరవాత సంగతి వినండి, నవ్వొస్తే నవ్వండి. పొద్దున్న టిఫిను దగ్గర మా మనవరాలు గిన్నెల కబుర్లు చెబుతుంది, అవి ఎవరివో దానికి తెలియదు, అంకెలే తెలుసు. మా ఇద్దరివీ పైన ఎక్కడో ఉన్నాయని తెలుసు గానీ, నానమ్మా నీ అంకె నాకు చెప్పకు, నాకు తెలియకూడదు అని మొదట్లోనే నోరు కట్టేసింది. మొదటి వారం, "నలభై ఆరు పోయింది పాపం, ఆరు రోజులే బతికింది, ఒక్క బంతి కూడా కట్టలేదు" అంది, రొట్టె నములుతూ. ఏం చేశారే దాన్ని అన్నాను. చెత్తలో వేశాం నానమ్మా అంది. చెత్తలో. నాకు తెలియకుండానే పొట్ట మీద కుట్ల దగ్గర చెయ్యి పెట్టుకున్నాను. నలభై ఏడు సంగతేంటే అన్నాను, ఏమీ ఎరగనట్టు. దాని మొహం వెలిగింది. "నలభై ఏడా, అది అద్భుతం, మా గదిలో అందరికీ ఇష్టం, పొద్దున్న వెళ్ళి తలుపు తీస్తే గిన్నె నిండా బంతులే." ఇక రోజూ నలభై ఏడే. నలభై ఏడు రెండు గిన్నెలైంది, నలభై ఏడు ఆరు గిన్నెలైంది, నలభై ఏడుని వేరే ఊరి వాళ్ళు కూడా అడుగుతున్నారు. బంగారుచెయ్యి కదా, కోసి పారేసిన ముక్క కూడా వేరేసింది! నాదేమో ఆరు రోజులకే పుల్ల. జబ్బు బాగా పెరిగిందని కుళ్ళుకున్న ఆడదాన్ని ఎక్కడైనా చూశారా? నేను కుళ్ళుకున్నాను. కడుపు మండి ఆ పూట రొట్టె కూడా సహించలేదు. ఓరోజు ఉండబట్టలేక అడిగేశాను, ఏమే, ఆ నలభై ఆరు అంత చేతగానిదా అని. ఆ పిల్ల నవ్వి, "చేతగానిదే, అదృష్టం. మొండివే గిన్నెలో బాగా బతుకుతాయి నానమ్మా. అన్నిసార్లూ కాదులే, కానీ ఇక్కడ బతకలేనిది మనిషిలో కూడా మెత్తగా ఉండొచ్చు" అంది. ఆ పూట గిన్నెలు కడుగుతూ చాలాసేపు కుళాయి కట్టడం మర్చిపోయాను.

ముప్పై ఆరు. దాని సంచీ సగానికి పైగా దిగిపోయింది. ఇవాళ పొద్దున్న ఎనిమిదింటికి నా మనవరాలు టిఫిను ముట్టలేదు, పళ్ళెంలో చెంచాతో గీతలు గీస్తూ కూర్చుంది. ఏమైందే అంటే, "నలభై ఏడుకి మందులు పోసి చూశాం నానమ్మా. ఎనిమిది మందులు. అందరికీ మొదట ఎక్కించేది ఒకటుంది చూడు, మీ ఇద్దరికీ ఎక్కిస్తున్నదే, దానికి అది చలించలేదు, నీళ్ళు పోసినట్టే. నాలుగో గుంటలో మందు పోస్తే మూడు రోజుల్లో కరిగిపోయాయి. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. గిన్నెలో జరిగింది మనిషిలో జరిగి తీరుతుందని చెప్పలేం, కానీ డాక్టరుకి తెలిస్తే కనీసం ఆలోచిస్తుంది కదా. తెలియదు. చెప్పవద్దు అని పెట్టారు వాళ్ళు. ఎవరో మరి. చెప్పవద్దు అని ఎందుకు పెట్టారో" అని తల పట్టుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను నా వేలు వైపు చూసుకున్నాను. మరి ఇప్పుడెలాగే అంటే, "వాళ్ళంతట వాళ్ళు వచ్చి మార్చుకుంటే తప్ప మేం అడగడానికి లేదు నానమ్మా. ఇంకెన్నిసార్లు ఆ నీళ్ళే ఎక్కించుకుంటూ కూర్చుంటారో" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ తరవాత కింది వాటా తలుపు కొట్టి, ఏమేవ్ అయిందా, కారొచ్చింది అని నేనే పిలిచాను. ఎర్ర తొడుగులు వేసుకుని వచ్చి నా పక్కనే కూర్చుంది. కార్లో చెప్పొచ్చు, చెప్పలేదు. మెట్ల దగ్గర చెప్పొచ్చు. బరువు చూసే దగ్గర, నెత్తురు తీసే దగ్గర, సూది గుచ్చే ముందు, ఎన్ని చోట్లని. చెబితే ఏమవుతుంది? నువ్వెందులో పెట్టావో అదే చూపించమన్న మనిషి మొహం చూడాలి. సరే, అది చూస్తాను, పెద్దదాన్ని, ఎన్ని మొహాలు చూడలేదు. కానీ నా మనవరాలు. నలభై ఏడు ఎవరో తెలిసిన రోజున, ఎవరు చెప్పవద్దన్నారో తెలిసిన రోజున, నేను దిద్దించిన అక్షరాలు ఒక్కొక్కటీ తుడిచేసుకుంటుంది. ఆ పిల్లలో నాకున్న వాటాయే చారెడు, అదీ పోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? ఏమీ కాదు. ఎవరికీ తెలియదు. స్కానింగులో మచ్చలు పెరిగాయంటారు, అందరూ ఏడుస్తారు, నేనూ ఏడుస్తాను, నిజంగానే ఏడుస్తాను. మా అత్తగారికి ఇదే జబ్బు లాంటిది వచ్చినప్పుడు పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వస్తే మంచం పక్కన నిలబడి చదివింది నేనే, అత్తయ్యా ఏమీ లేదట, పుండు మానిపోతుందట అని చదివాను, అందరూ కళ్ళతో మెచ్చుకున్నారు, అప్పుడలా చదవడమే మర్యాద. చదువుకున్న నోట్లోంచి అబద్ధం ఎంత బాగా పలుకుతుందో. ఆవిడ నాలుగు నెలలు బతికింది. పుండు కడిగింది మాత్రం ఇదే, పొద్దున సాయంత్రం, ముక్కు మూసుకోకుండా. నేను గుమ్మం దగ్గర నిలబడి ఆ చెయ్యి వైపు చూసేదాన్ని. ఆవిడ చివరి రోజున దాని చెయ్యి పట్టుకునే పోయింది. అది చూసి కూడా, ఆ శవం ముందు కూడా, నన్ను పట్టుకోలేదే అనుకున్నాను.

ఇరవై తొమ్మిది. నిద్రలో దాని వేళ్ళు కదిలాయి, తొడుగులో, మట్టిలోకి ఏదో గుచ్చుతున్నట్టు. ఒక్క ఊపిరి కాస్త గట్టిగా తీసింది. మొన్నటిదాకా బుగ్గలుండేవి దీనికి. ఎప్పుడు పోయాయి? నేను దాని నరాలు చూశాను, దాని తొడుగులు చూశాను, దాని యంత్రం మీద అంకెలు చూశాను, బుగ్గలు చూడలేదు.

చెయ్యి చాపితే కడ్డీ తగిలింది, వెయ్యి సూదులూ ఒక్కసారే దిగాయి, అయినా దాని భుజం తట్టాను.

"ఏమేవ్, లే."

"అయిపోయిందా అక్కా?"

"లేదు. నీకు ఇంకా ఇరవై ఎనిమిదుంది. నీకో మాట చెప్పాలి."

"మందెక్కుతుంటే చెప్పేంత మాటా? పిల్లకి సంబంధం కుదిరిందా ఏం?"

చెప్పాను. ముందు నలభై ఏడు, తరవాత ఎనిమిది మందులు, నాలుగో గుంట, ఆఖర్న గడి. వెనక నుంచి ముందుకి చెప్పుకొచ్చాను, పిరికిదాన్ని. అది నా మొహంలోకి చూడలేదు, పైన వేలాడుతున్న సంచీ వైపు చూస్తూ వింది.

"నువ్వెందులో పెట్టావో అదే చూపించమన్నాను" అంది.

"అన్నావు."

"గిన్నె సంగతి ఎప్పుడు తెలిసింది నీకు?"

"ఇవాళ పొద్దున్న, ఎనిమిదింటికి."

అది తలుపు పైనున్న గడియారం వైపు చూసింది. గడియారం చూడ్డం మాత్రం నేనే నేర్పాను దానికి, ముళ్ళని బట్టి. పదకొండు దాటింది.

"మూడు గంటలు ఆలోచించావా అక్కా, నన్ను ఉంచాలా వద్దా అని?"

అది కాదే అనబోయాను. నా యంత్రంలో ఏదో టిక్కు టిక్కుమంటోంది, ఎదురు కుర్చీలో ముసలాయన వార్తలు చదువుతూ కాగితం తిప్పాడు. ఇది ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండు అని మళ్ళీ అనిపించింది, ఆ గులాబీ కుండీ రోజున అనిపించినట్టే. ఎర్ర తొడుగు విప్పింది, కుర్చీ పక్కన గంట నొక్కింది.

నర్సు పిల్ల పరిగెత్తుకొచ్చింది. "ఏంటి చిన్నమ్మా, మంటగా ఉందా?"

"మంట నాక్కాదమ్మా, మా అక్కకి. ఆ కాగితాల అమ్మాయిని పిలుస్తావా? గడి మార్చుకోవాలి. డాక్టరమ్మకి కూడా ఓ మాట చెప్పు."

డాక్టరమ్మ వచ్చింది, విన్నది, ఈ పూటకి ఎక్కుతున్నది ఎక్కనివ్వండి, పైనుంచి కాగితం వచ్చాక కూర్చుని మాట్లాడదాం, తొందరపడి నేను మాట ఇవ్వను గానీ తప్పకుండా చూస్తాను అంది. నా వైపు మాత్రం చూడలేదు. కాగితాల అమ్మాయి పాత కాగితం, కొత్త కాగితం రెండూ తెచ్చింది. పాతదాని అడుగున నా సంతకం గుండ్రంగా, నిండుగా, చదివి వినిపించినవారు. ఆ అమ్మాయి నా వైపు ఒకసారి చూసి, "ఈసారి నేను చదువుతానండీ" అంది మెల్లగా.

"వద్దమ్మా" అంది నా తోటికోడలు. "మా అక్కే చదువుతుంది. మాకు చదివేది ఎప్పుడూ తనే." అప్పుడు నా వైపు తిరిగింది, సంగతి విన్నాక మొదటిసారి. "పైకి చదువు అక్కా. ఆ మూల కుర్చీ ఆయనకి కూడా వినబడాలి. గోడ మీద కాగితం చదివినట్టు కాదు."

తెలుసన్నమాట. పిల్ల ఎప్పుడో తన నోటితోనే చెప్పేసి ఉంటుంది చిన్న నానమ్మకి, ఏం రాయించిందో. తెలిసి, మనిద్దర్నీ చెప్పింది చూడు అన్న తన మాటనే ఇన్నాళ్ళూ అలా ఉండనిచ్చింది. నాకిచ్చేసింది, కుండీ ఇచ్చినట్టు.

చదివాను. వరస కింద వేలు పెట్టి, బడిలో నిలబెట్టి చదివించినట్టు, ఒక్క మాట వదలకుండా, ఒక్క మాట కలపకుండా. మొదటి గడి, చెప్పవచ్చు. రెండో గడి, చెప్పవద్దు. ఎనిమిది కుర్చీలూ విన్నాయి. ముసలాయన వార్తల కాగితం దించేశాడు.

"నువ్వెందులో పెట్టావు?" అంది.

"మొదటి దాంట్లో."

"చూపించు."

వేలు పెట్టాను. ఈసారి మొదటి గడి మీదే.

అది పెన్ను పిడికిట్లోకి తీసుకుంది. వేళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, పెన్ను చల్లగా తగిలిందేమో పెదవి కొరికి పట్టుకుంది, కాగితం మీదకి వంగింది, పుల్ల గుచ్చేటప్పుడు వంగినట్టే, ఎక్కడ మెత్తగా ఉందో చూసుకుంటున్నట్టే, నెమ్మదిగా పెట్టింది టిక్కు. అప్పుడే కాగితం మడవబోతున్న అమ్మాయిని ఆపి, "అక్క సంతకం పెట్టాలిగా, చదివింది తనే" అంది. పెట్టాను. ఈసారి గుండ్రంగా రాలేదు, కోడిగీతల్లా వచ్చింది.

"పిల్లకి నేను చెప్పను" అంది కళ్ళు మూసుకుంటూ. "నీ నోటితో నువ్వే చెప్పుకో."

"సాయంత్రం చెబుతాను."

"నేనూ వస్తాను పైకి. వింటాను."

దాని యంత్రం మీద తొమ్మిది, నా యంత్రం మీద పదమూడు. కాగితాల అమ్మాయి మెట్లెక్కి పైకి వెళ్తున్న చప్పుడు వినబడుతోంది, మూడంతస్తులు, ఒక్కో మెట్టే లెక్కపెడుతున్నాను. ఆ కాగితం మీద దాని టిక్కు ఇంకా నా కళ్ళలోనే ఉంది. పెన్ను పట్టడం రాని మనిషి, గడి దాటకుండా, అటూ ఇటూ ఒలక్కుండా, చిన్న మొలక లేచినట్టు పెట్టింది. నాది ఆ రోజు గడి దాటి పక్క అక్షరాల మీదకి పోయింది.

అదీ నాకంటే బాగానే పెట్టింది, ముదనష్టపుది. మెట్ల చప్పుడు ఆగింది. పైన తలుపు తెరుచుకుంది.